పక్కవాడి గడి

ముబాంగా మడమకు పట్టీ చుట్టుకుంటూ ఉండగా కొత్త కోచ్ హెంద్రావాన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పట్టీ చుట్టడం మధ్యలో ఆపకూడదు. ఆపితే బిగువు పోతుంది. అందుకని ముబాంగా తల మాత్రం వంచి, మడమ కింద నుంచి పైకి, పైనుంచి మళ్ళీ కిందికి తెల్లపట్టీని మెలికలు తిప్పుతూనే ఉన్నాడు.

కోచ్ చేతిలో ఒక కాగితం ఉంది.

"ఎన్‌డోలాలో ఫార్వర్డువి," అని చదివాడు. "దార్ ఎస్ సలాంలో కుడి బ్యాక్. మస్కట్‌లో మధ్యలో ఆడావు. యాంగోన్‌లో రెండేళ్ళు స్టాపర్, గోలు ముందర కాపలా. ఇక్కడికొచ్చి ఐదేళ్ళు. ఇక్కడ ఏం ఆడావు?"

"ఏది చెబితే అది, కోచ్."

"గోలు దగ్గర కూడా నిలబడ్డావంట."

"ఒక్కసారే. ముప్పై ఐదు నిమిషాలు. గోల్‌కీపర్ రిజాల్‌కి వేలు విరిగింది."

"ఎన్ని గోల్స్ ఇచ్చావు?"

"ఒకటి."

పక్క బెంచీ మీద బూటుకు తాడు ఎక్కిస్తున్న విర్యో తలెత్తకుండానే, "అదీ మనవాడే కొట్టాడు కోచ్. అవతలివాళ్ళ వల్ల కాలేదు," అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. విర్యో ఈ క్లబ్బులో ఎడమ బ్యాక్. తొమ్మిదేళ్ళుగా అదే చోటు, అదే చొక్కా, అవే జోకులు.

కోచ్ నవ్వలేదు. కోపంగానూ లేడు. జకార్తా నుంచి వచ్చి వారమైంది. అందరి పేర్లూ నేర్చుకున్నాడు, ఎవరి మీదా గొంతు పెంచలేదు.

"నీలాంటివాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు ముబాంగా," అన్నాడు. "పంపు కారితే వాడే. బల్బు పోతే వాడే. పెళ్ళయితే వడ్డనకి వాడే. వాడు లేకపోతే ఇల్లు గడవదు. కానీ వాడికంటూ ఒక గది ఉండదు."

ముబాంగా పట్టీ చివర తెంపి వేలితో అదిమాడు.

"విదేశీ ఆటగాళ్ళకి మనకున్నవి మూడు చోట్లు. ముందర బ్రెజిల్‌వాడు ఉన్నాడు, మధ్యలో కొరియావాడు ఉన్నాడు. మిగిలింది ఒక్కటి. శుక్రవారం పొద్దున్నే జట్టు మొత్తం జాబితా లీగ్ ఆఫీసుకి పంపాలి. పేరు పక్కన చోటు రాయాలి. 'ఏది చెబితే అది' అని రాస్తే వాళ్ళు తీసుకోరు." కోచ్ కాగితం మడిచాడు. "నా ఫోనులో ఒక సెర్బియా కుర్రాడి వీడియో ఉంది. ఇరవై ఆరేళ్ళు. పుట్టినప్పట్నుంచీ స్టాపరే. నువ్వు స్టాపర్‌గా ఆడగలవా అని అడగను. ఆడగలవు. నిలబడగలవా?"

"నిలబడతాను కోచ్."

జాబితాలో పేరు లేకపోతే ఈ దేశంలో ఉండటానికి కాగితాలు కూడా ఉండవు. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి, ఫలానా చోటు అని చెప్పుకోలేనివాణ్ణి, ఇంకో క్లబ్బు పిలవదు. ఆ సంగతి కోచ్ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

మైదానంలో సున్నంతో గడులు గీసి ఉన్నాయి. పేడనీళ్ళు చల్లిన వాకిట్లో ముగ్గు గీతల్లాగా పచ్చగడ్డి మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి. ఎడమ స్టాపర్ గడి ముబాంగాది. దాని పక్కదే విర్యోది.

"పక్క గడిలోవాడు కింద పడితే వెళ్ళి కాయండి," అన్నాడు కోచ్. "పడితేనే. వాడు ముందుకు పోయి వెనక్కి రాలేకపోతే మాత్రం వెళ్ళొద్దు. వాడి తప్పు మీరు కప్పేస్తే, ఎవడు తప్పు చేస్తున్నాడో నాకెట్లా తెలుస్తుంది?"

మాట సబబుగానే ఉంది. కానీ ఐదేళ్ళ అలవాటు కాళ్ళలో ఉంటుంది. ఈ జట్టులో ఎక్కడ ఖాళీ పడినా కేకవేసే పేరు ఒకటే. బంతి పోగానే కుడివైపు నుంచి "బాంగా!" అని ఒకడు, మధ్యలోంచి "బాంగా, వెనకాల!" అని ఇంకొకడు. ఆ కేక చెవిన పడిందో లేదో అతని కాళ్ళు వెళ్ళిపోయేవి. తను అటు వెళితే తన చోటు ఎవరు చూస్తారని అతనెప్పుడూ అడగలేదు. మళ్ళీ తనే వచ్చి చూసుకునేవాడు.

ఆ మంగళవారం కోచ్ నాలుగుసార్లు ఈల వేశాడు. నాలుగూ ముబాంగాకే. ప్రతిసారీ ఆట ఆపి, అతను ఆగిన చోటు నుంచి వదిలి వచ్చిన గడి దాకా కోచ్ నడిచి చూపించేవాడు. పది అంగలు. పద్నాలుగు అంగలు. అందరి ముందూ తను వెనక్కి నడిచి గడిలో నిలబడేదాకా ఆట మొదలయ్యేది కాదు.

"గురువారం చెరకుమిల్లు జట్టుతో ఆడతాం," అన్నాడు కోచ్ చివర్లో. "ఆ రోజు పనిలేకుండా ఒక్కసారి గీత దాటినా నేను ఆ సెర్బియా కుర్రాడికి ఫోను చేసేస్తాను. నీకు ముందే చెబుతున్నాను. వెనకాల చెప్పడం నాకిష్టం ఉండదు."

బుధవారం మధ్యాహ్నం సెలవు. ఆటగాళ్ళు ఉండే ఇంటిని అందరూ మెస్సు అంటారు. భోజనాలు కాగానే మోటారుసైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి బయలుదేరాయి. అందరివీ చుట్టుపక్కల ఊళ్ళే. బ్రెజిల్‌వాడు, కొరియావాడు పెళ్ళాలతో వేరే ఇళ్ళల్లో ఉంటారు. గేటు దగ్గర దుమ్ము అణిగేసరికి మెస్సులో ముబాంగా, వంటచేసే సుమార్నీ మాత్రమే మిగిలారు. ప్రతి బుధవారమూ అంతే.

అతను సాక్సులు ఉతికి తీగ మీద వేశాడు. తడి బూట్లలో పాత పేపరు కుక్కాడు. మంచం మీద కూర్చుని ఫోను తీశాడు. సొంతూరు ఎన్‌డోలాలో ఇంకా పొద్దున్న. అక్క పనికి వెళుతూ రికార్డు చేసి పంపిన మాట ఒకటి వచ్చి ఉంది. "ఎలా ఉన్నావు? ఇంకా ఆడుతున్నావా?" అంతే. ఆమె గొంతు వెనక ఎవరో పిల్లలు అరుస్తున్నారు. ఎవరి పిల్లలో గొంతు పోల్చుకోలేకపోయాడు. ఇంకోసారి విన్నాడు. "ఆడుతున్నాను" అని చెప్పి పంపాడు.

"నాయనా, రా. చల్లారిపోతుంది," అని కేకేసింది సుమార్నీ.

తెల్ల మొక్కజొన్న పిండితో ఆమె అతని ఊళ్ళో తినే సంకటి చేసింది. మొదటి ఏడాది అది ఉండలు కట్టేది. ఇప్పుడు కర్ర గరిటెకు అంటకుండా వస్తుంది. పక్కన వేరుశనగ పచ్చడి కలిపిన ఆకుకూర, వేయించిన టెంపే, అంటే సోయా గింజల ముక్కలు. అతను ముద్ద చేసి, వేలితో గుంట పెట్టి, ఆకుకూర అందులో ఎత్తుకున్నాడు.

"నిన్ను ఉంచుతాడా, పంపిస్తాడా?" అని అడిగింది ఆమె. మెస్సు వంటింట్లో తెలియని సంగతి ఉండదు.

"కదలకుండా ఉంటే ఉంచుతాడంట."

"ఇదేం చోద్యం! కదిలేవాడికి కదా ఫుట్‌బాల్. కదలకుండా ఉండేదానికి మా ఆయన్ని పెట్టుకోమను. ఇరవై ఏళ్ళుగా ఆ వరండాలోంచి కదల్లేదు."

ముబాంగా నవ్వాడు. నోట్లో ముద్ద ఉండగా నవ్వితే పొరపోయింది. ఆమె వీపు మీద చరిచింది. రెండు రోజుల్లో అతన్ని ఎవరైనా ముట్టుకోవడం అదే మొదటిసారి.

అప్పుడే గేటు చప్పుడైంది. చేతిలో ఉప్పుగుడ్ల సంచితో విర్యో వచ్చాడు. అతని మామగారికి బాతులున్నాయి. ఇల్లు ఆరు కిలోమీటర్ల దూరం.

"పొద్దుగూకకుండానే వచ్చావేంటి? పెళ్ళాం తరిమిందా?" అంది సుమార్నీ.

"తరిమేది అత్త. పెళ్ళాం చూస్తూ ఊరుకుంటుంది," అన్నాడు విర్యో. గుడ్లు ఆమెకిచ్చి, పొయ్యి దగ్గర బూడిద తట్ట ఎత్తుకుని పెరట్లోకి నడిచాడు. "రా అన్నా. చెయ్యి కడుక్కుని రా. నీకు నిలబడటం నేర్పిస్తా."

పెరట్లో నేల మీద బూడిదతో పెద్ద గడి గీశాడు. ముబాంగాను అందులో నిలబెట్టాడు. తను పక్కన బంతితో నిలబడి, "బాంగా!" అని అరిచాడు. ముబాంగా కుడికాలు గీత దాటింది.

"చచ్చావు," అన్నాడు విర్యో. "మళ్ళీ. బాంగా! ఒరే బాంగా, ఇల్లు కాలిపోతోంది రా! బాంగా, సుమార్నీ అత్త పడిపోయింది!"

"నన్నెందుకు పడేస్తావురా దరిద్రుడా," అని వంటింట్లోంచి గొంతు.

గంటసేపు అదే పని. పేరు పెట్టి పిలుస్తాడు, బతిమాలతాడు, తిడతాడు, ఏడుపు గొంతు పెడతాడు. ముబాంగా మడమ లేస్తుంది. విర్యో వేలు చూపిస్తాడు. మడమ దిగుతుంది. చివరికి మడమ లేవడం కూడా మానేసింది. బంతి గీతకు జానెడు అవతల పోతున్నా అతను చూస్తూ ఊరుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు పెద్దాఫీసర్లా ఉన్నావు," అన్నాడు విర్యో చెమట తుడుచుకుంటూ. "రేపు ఇట్లాగే ఉండు."

"ఇది బాగుండలేదు విర్యో."

"మందు ఎప్పుడు బాగుంటుంది అన్నా? మింగాలంతే."

గురువారం పొద్దున్న చెరకుమిల్లు జట్టు లారీలో వచ్చింది. మైదానం మీద మంచు ఇంకా ఆరలేదు. కోచ్ కుడివైపు గీత పక్కన నిలబడ్డాడు. ఎండ సూటిగా అతని కళ్ళలో పడుతోంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

మొదటి సగం ముబాంగా గీత దాటలేదు. భుజం సగం వెనక్కి తిప్పి నిలబడటం, బంతినీ మనిషినీ ఒకే చూపులో పట్టుకోవడం, తల మీదికి వచ్చిన బంతిని ఎగిరి తోసేయడం, మళ్ళీ అదే చోట దిగడం. ఒళ్ళు బరువెక్కలేదు. ఊపిరి బరువెక్కలేదు. మూడుసార్లు "బాంగా!" అన్న కేక వినిపించింది. కదలలేదు. నాలుగోసారి ఎవరూ కేక వెయ్యలేదు. కుర్రాళ్ళు తొందరగా నేర్చుకుంటారు.

విరామంలో కోచ్ మంచినీళ్ళ సీసా అతనికి తనే అందించాడు.

రెండో సగంలో బ్రెజిల్‌వాడు ఒక గోలు, కొరియావాడు ఒక గోలు కొట్టారు. ఇంకో పది నిమిషాలే ఉంది. విర్యో బంతి తీసుకుని ఎడమ అంచు వెంట ముందుకు వెళ్ళాడు. బంతి వదిలి వెనక్కి తిరిగాడు. పక్కనే పరిగెత్తుతున్న మిల్లువాడి కాలు అతని కాలికి అడ్డం పడింది. విర్యో మోకాలి మీద పడి, పక్కకు ఒరిగి, గడ్డి మీద చెంప ఆనించి ఆగిపోయాడు. అదే క్షణంలో మిల్లువాళ్ళ బంతి గాలిలో లేచి ఆ ఖాళీలోకి వస్తోంది. దాని కింద బక్కపల్చటి కుర్రాడొకడు పరిగెత్తుకొస్తున్నాడు.

ముబాంగా చూశాడు. బంతిని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, పడి ఉన్న విర్యోను చూశాడు. పక్కవాడు పడితే వెళ్ళాలి. పడ్డాడు. పన్నెండు అంగలు. చేరుకోగలడు.

మడమ లేచింది. కానీ కోచ్ అవతల అంచున ఉన్నాడు, కళ్ళలో ఎండ. విర్యో పడటం అతను చూశాడా? చూడకపోతే ఇది గీత దాటడమే అవుతుంది. ఈల వస్తుంది. సెర్బియాకి ఫోను వెళుతుంది.

సగం ఊపిరి సేపు. అంతకన్నా లేదు. మడమ మళ్ళీ నేల మీద ఆనింది. కుర్రాడు బంతిని ఒక్కసారి తాకి, రెండోసారి తన్నాడు. రిజాల్ పక్కకు దూకాడు గానీ వల కదిలింది.

కోచ్ ఆట ఆపి అందరినీ మధ్యకు పిలిచాడు. విర్యో అప్పటికే లేచి, కుంటు కనిపించకుండా మోకాలి మీద గడ్డి దులుపుకుంటూ వచ్చాడు.

"ఎడమవైపు ఎవరూ లేరు. ఎందుకు?" అన్నాడు కోచ్. "విర్యో, నువ్వు పడ్డావా?"

ముబాంగా చెప్పాల్సిన జవాబు చిన్నదే. పడ్డాడు కోచ్, నేను చూశాను. ఆరు మాటలు కూడా లేవు. పెదవులు తెరిచాడు.

"లేదు కోచ్," అన్నాడు విర్యో. "ముందుకు పోయి ఉండిపోయా. వెనక్కి రావడం ఆలస్యమైంది. నాదే."

"గడ్డేంటి మోకాలికి?"

"పొద్దున్నుంచీ ఉంది. మా ఆవిడ ఊళ్ళో లేదు, ఉతికేవాళ్ళు లేరు."

ఒకరిద్దరు నవ్వారు. కోచ్ విర్యో వంక కాసేపు చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత ముబాంగా భుజం మీద చెయ్యి వేసి, "ఇట్లా నిలబడాలి," అని మిగతావాళ్ళకు చెప్పాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విర్యో ఎప్పటిలాగే మాట్లాడాడు. ముబాంగా కంచం ఎత్తుకుని తన గదికి వెళ్ళి తిన్నాడు. ఈ దేశంలో మనిషి తప్పు తన మీద వేసుకోవడం మర్యాద, అందుకే అన్నాడేమో అనుకున్నాడు. లేకపోతే పడినప్పుడు దిమ్మెక్కి సరిగ్గా గుర్తు లేదేమో. తను కదలకపోవడం విర్యో చూసి ఉండడు. కళ్ళు మూసుకునే ఉన్నాడేమో. ఇట్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. అన్నం ఎండిపోయింది. రేపు చెబుతాను అనుకున్నాడు. జాబితా పంపాక.

శుక్రవారం పది గంటలకు జాబితా గోడ మీద అంటించారు. పంపేశారు కూడా. ముబాంగా పేరు పైనుంచి నాలుగోది. పేరు పక్కన, స్టాపర్. సంతోషం ముందు వచ్చింది. దాన్ని అతను ఆపలేకపోయాడు. ఆ తర్వాత ఎడమ బ్యాక్ పేరు కోసం చూశాడు. సురబాయా నుంచి వస్తున్న ఎవరో కొత్త కుర్రాడి పేరు ఉంది. ఆ కింద అదే చోటుకి ఇంకో పేరు ఉంది. విర్యో పేరు కోసం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

కోచ్ గది తలుపు తీసే ఉంది. ముబాంగా గడప దాకా వెళ్ళాడు. లోపల కోచ్ ఫోనులో, "అవును, ఆ సెర్బియా కుర్రాడు వద్దు. నాకు మనిషి దొరికాడు," అంటున్నాడు. ముబాంగా గడప దగ్గరే నిలబడ్డాడు. ఫోను పెట్టేదాకా ఉందామనుకున్నాడు. ఫోను పెట్టేలోగా వెనక్కి వచ్చేశాడు.

జుమ్మా నమాజు అయ్యాక విర్యో మోటారుసైకిలుకు రెండు సంచులు కట్టి, మెస్సులో అందరి దగ్గరికీ సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఇక్కడ ఇల్లు విడిచి పోయేవాడు ఊరికే పోడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, చెయ్యి పట్టుకుని, క్షమాపణ అడిగి పోతాడు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిమీదికి వంగి నుదురు ఆనిస్తారు. విర్యో సుమార్నీ చేతికి నుదురు ఆనించాడు. కుర్రాళ్ళు వరసగా వచ్చి విర్యో చేతికి ఆనించారు. అందరి దగ్గరా అవే మాటలు, పెళ్ళిమంత్రంలా.

ముబాంగా తన గది ముందు నిలబడి ఉన్నాడు. విర్యో చివరగా అతని దగ్గరికి వచ్చాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఇన్నాళ్ళు ఒకచోట ఉన్నాం అన్నా. తెలిసో తెలియకో నావల్ల ఏదైనా తప్పు జరిగితే మన్నించాలి."

దీనికి జవాబు కూడా కట్టిపెట్టి ఉంది. నాదీ అంతే, నన్నూ మన్నించు. అందరూ అదే అంటారు, విన్నవాళ్ళు తల ఊపుతారు, అయిపోతుంది. ముబాంగాకు ఆ మాటలు వచ్చు. అవి అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే అనలేకపోయాడు.

"నిన్న నువ్వు పడ్డావు," అన్నాడు. "నేను చూశాను. రాగలిగీ రాలేదు. ఆ గోలు నాది."

విర్యో వెనక్కి తిరిగి కుర్రాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో చూశాడు. గొంతు తగ్గించాడు.

"నాకు తెలుసు. నా మొహం నీ వైపే ఉందిగా. నీ మడమ లేవడం చూశా. దిగడం చూశా."

"మరి ఎందుకు అట్లా చెప్పావు?"

"ఏం చెప్పమంటావు? పడ్డానంటే నువ్వెందుకు రాలేదంటాడు. నేను పోతే ఆరు కిలోమీటర్లు పోవాలి అన్నా. నువ్వు పోతే ఎంత దూరం?"

ముబాంగా అతని ఎడమ మోకాలి వైపు చూశాడు.

"జాబితాలోంచే తీసేస్తాడనుకోలేదులే," అన్నాడు విర్యో. నవ్వబోయాడు, అది మొహం దాకా రాలేదు. "నాలుగు ఆటలు బెంచీ మీద కూర్చోబెడతాడనుకున్నా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. బాతులకి స్టాపరు అక్కర్లేదు కదా, ఎడమ బ్యాకు కూడా అక్కర్లేదు."

"నేను వెళ్ళి కోచ్‌కి చెబుతాను. ఇప్పుడే."

"జాబితా పోయింది. ఇప్పుడు చెబితే ఇద్దరం పోతాం. ఊరుకో." విర్యో చెయ్యి చాపాడు. "ఊరుకుని ఆడు. ఎండ ఎక్కువైంది, నేను పోవాలి."

ముబాంగా ఆ చెయ్యి అందుకున్నాడు. విర్యో కన్నా అతను ఐదేళ్ళు పెద్ద. వంగవలసింది విర్యో. విర్యో వంగబోయేలోపే ముబాంగా నడుము వంచి, తల దించి, ఆ చేతి వెనక తన నుదురు ఆనించాడు. వరండాలో కుర్రాళ్ళ మాటలు ఆగిపోయాయి. సుమార్నీ వంటింటి గడప మీద నిలబడిపోయింది.

"అన్నా, తప్పు. పెద్దవాడివి. లే," అన్నాడు విర్యో మెల్లగా. "అందరూ చూస్తున్నారు."

ముబాంగా లేవలేదు. విర్యో కూడా చెయ్యి లాక్కోలేదు.